రంగు ఎవరి మాట వినాలి?

పుదుచ్చేరి వైట్ టౌన్‌లోని సెయింట్ లూయీ వీధిలో ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పాండిచ్చేరి ఉంది. 1955లో మొదలైన ఈ సంస్థ పేరు వినగానే చాలామందికి తాళపత్రాలు, ప్రాచీన గ్రంథాల అధ్యయనం గుర్తుకొస్తాయి. విజ్ఞానశాస్త్ర పాఠకులు గుర్తుంచుకోవలసిన పని మరొకటి కూడా అక్కడ జరిగింది. 1960వ దశకంలో భారత వ్యవసాయ పరిశోధన మండలితో కలిసి ఈ సంస్థ దక్షిణ భారతదేశపు వృక్షసంపదను పటాలుగా అచ్చువేసింది. పటం మీద ఒక సెంటీమీటరు అంటే నేల మీద 10 కిలోమీటర్లు. ఆ వరుసలో ఒక పటం పేరు ‘గోదావరి’.

ఈ పటాల వెనుక ఉన్న పద్ధతి ఫ్రెంచ్ వృక్షశాస్త్రవేత్త హెన్రీ గోసెన్‌ది. ఆయన దృష్టిలో పటం మీది రంగు అలంకారం కాదు, సమాచారం. వేడి, తేమ వంటి పరిస్థితులకు ముందుగానే రంగులు కేటాయించారు. అవి కలిసినప్పుడు వచ్చే రంగును బట్టి ఆ ప్రాంతపు వృక్షసంపద ఎలాంటి వాతావరణానికి చెందిందో చదువరికి తెలుస్తుంది. ఒక పటంలో నేర్చుకున్న రంగుల భాష పక్క పటం చదవడానికీ పనికొస్తుంది. గీసేవారి ఇష్టాన్ని బట్టి ఒక్కో పటంలో ఒక్కో రీతిగా రంగులు వేస్తే, రెండు పటాలను పక్కపక్కన పెట్టి పోల్చే వీలే ఉండదు.

అరవై ఏళ్ల కిందట కాగితం మీద పాటించిన ఈ క్రమశిక్షణ, ఇవాళ పరిశోధకులు రోజూ వాడే సాఫ్ట్‌వేర్‌లో అంతగా కనిపించదు. ముఖ్యంగా కమాండ్ లైన్ టూల్స్‌లో రంగుల వ్యవహారం గందరగోళంగా ఉంది. ఇప్పుడు అలాంటి పాత టూల్స్‌ను ఎన్నింటినో కొత్త ప్రోగ్రామింగ్ భాషల్లో తిరిగి రాస్తున్నారు. ఆ పని చేసేటప్పుడు రంగుల సెట్టింగులను ‘తర్వాత చూసుకోవచ్చు’ అని పక్కన పెట్టకూడదని, మొదట్లోనే సరిచేయాలని నా అభిప్రాయం. ఇది అందచందాల విషయం కాదు. లెక్కలు తప్పకుండా ఉండటానికి, అందరి కళ్లూ ఒకేలా లేని లోకంలో అందరూ పని చేసుకోగలగడానికి సంబంధించిన విషయం.

ఒక్క రంగుకు తొమ్మిది బైట్లు

కమాండ్ లైన్ టూల్ అంటే మౌస్‌తో నొక్కే బొమ్మలేవీ లేకుండా, ఆదేశాన్ని అక్షరాల్లో టైపు చేసి నడిపే ప్రోగ్రామ్. ఫైళ్ల జాబితా చూపే ‘ఎల్ఎస్’, ఫైళ్లలో కావలసిన మాటను వెతికిపెట్టే ‘గ్రెప్’ ఇలాంటివే. ఇవి పాతబడిపోయాయని అనుకోవద్దు. వాతావరణ నమూనాలు, జన్యుక్రమాల విశ్లేషణ, ఉపగ్రహ చిత్రాల శుద్ధి వంటి పనుల్లో ఒక టూల్ ఇచ్చిన ఫలితాన్ని మరో టూల్ అందుకుంటుంది. చివరి ఫలితం వచ్చేలోగా ఇలాంటి చేతులు ఎన్నో మారుతుంది.

ఈ టూల్స్ తెర మీద రంగు ఎలా చూపిస్తాయి? అక్షరాల మధ్యలోనే ఒక రహస్య సంకేతాన్ని పంపుతాయి. దాన్ని ఎస్కేప్ కోడ్ అంటారు. 1978లో వచ్చిన వీటీ100 అనే టెర్మినల్ ఈ తరహా కోడ్‌లను బాగా ప్రచారంలోకి తెచ్చింది. దాని తెరకు రంగులు లేవు. తర్వాతి టెర్మినళ్లు అదే పద్ధతిలో రంగులూ చూపించాయి. కంప్యూటర్ అక్షరమాలలో 27వ సంఖ్య గల అక్షరం, ఒక చదరపు కుండలీకరణం, 31 అనే అంకె, ‘ఎం’ అక్షరం వరుసగా పంపితే ‘ఇక్కడి నుంచి ఎరుపు’ అని అర్థం. అందులో 31 బదులు సున్నా పంపితే ‘మామూలు రంగుకు రా’ అని అర్థం. మొదటిదానికి ఐదు బైట్లు, రెండోదానికి నాలుగు. అంటే ఒక మాటను ఎర్రగా చూపడానికి తొమ్మిది బైట్లు అదనం.

టెర్మినల్ ఈ తొమ్మిదింటినీ మింగేసి రంగు మాత్రం చూపిస్తుంది. కానీ అదే ఫలితాన్ని ఫైల్‌లోకి మళ్లిస్తే మింగేవారు ఎవరూ ఉండరు. అవి ఫైల్‌లోనే కూర్చుంటాయి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. వైట్ టౌన్ ఎదుటి సముద్రపు నీటి ఉష్ణోగ్రతల నమోదును తనిఖీ చేసే చిన్న టూల్ ఒకటి ఉందనుకుందాం. 29 డిగ్రీలు దాటిన విలువలను అది ఎర్రగా చూపిస్తుంది. 29.6 అనే విలువ తెర మీద ఎర్రటి 29.6గా కనిపిస్తుంది. ఆ ఫలితాన్ని ఫైల్‌లో భద్రపరిస్తే అందులో ముందు రంగు కోడ్, ఆ తర్వాత 29.6 ఉంటాయి. వరుసలో కనిపించిన మొదటి సంఖ్యను తీసుకుని సగటు కట్టే మరో ప్రోగ్రామ్ ఆ ఫైల్‌ను చదివితే దానికి దొరికేది 29.6 కాదు, రంగు కోడ్‌లోని 31. ఆ ప్రోగ్రామ్ ఆగిపోదు, తప్పు జరిగిందని చెప్పదు. 31 డిగ్రీలు నమ్మదగిన ఉష్ణోగ్రతే కాబట్టి చూసిన మనిషికీ అనుమానం రాదు. ఎరుపు రంగు సంఖ్య సముద్రపు ఉష్ణోగ్రతగా మారి సగటులో కలిసిపోతుంది.

దీనికి విరుగుడు చాలాకాలంగా ఉంది. టూల్ తన ఫలితం ఎటు పోతోందో ఆపరేటింగ్ సిస్టమ్‌ను అడగగలదు. టెర్మినల్‌కు పోతుంటే రంగు వేస్తుంది, ఫైల్‌కో మరో ప్రోగ్రామ్‌కో పోతుంటే వేయదు. ఈ తీరునే ‘ఆటో’ అంటారు. దానికి తోడు ఎప్పుడూ రంగు కావాలనే ‘ఆల్వేస్’, ఎప్పుడూ వద్దనే ‘నెవర్’ ఆప్షన్లు ఉంటాయి. ఇంతవరకు బాగానే ఉంది. చిక్కంతా ఆ తర్వాత మొదలవుతుంది.

మీటలు ఎక్కువ, మాట ఒక్కటి కాదు

వాడుకరి తన ఇష్టాన్ని టూల్‌కు చెప్పే దారులు చాలా ఉన్నాయి. ఆదేశంతో పాటు ఆప్షన్ ఇవ్వవచ్చు. సెట్టింగుల ఫైల్‌లో రాసిపెట్టవచ్చు. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ పెట్టవచ్చు. ఇది కంప్యూటర్‌లో నడిచే ప్రోగ్రాములన్నీ చదవగలిగేలా గోడకు అంటించిన చీటీ లాంటిది. ఏ చీటీకి ఏ పేరు, అందులో ఏం రాయాలి అన్న దగ్గరే ఏకాభిప్రాయం లేదు.

ఫైళ్ల జాబితా రంగులనే చూడండి. లినక్స్‌లోని గ్నూ ‘ఎల్ఎస్’ చదివే వేరియబుల్ పేరు ‘ఎల్ఎస్ కలర్స్’. మధ్యలో అడ్డగీత ఉంటుంది. అందులో ఫైల్ రకం, దాని రంగు సంఖ్య జంటలుగా రాయాలి. ఫ్రీబీఎస్‌డీ, మ్యాక్ కంప్యూటర్లలోని ‘ఎల్ఎస్’ చదివేదీ అదే పేరు, కానీ అడ్డగీత ఉండదు. అందులో సంఖ్యలు ఉండవు, రంగులను సూచించే అక్షరాల జంటలే ఉంటాయి. ఒక అడ్డగీత తేడాతో రెండు వేర్వేరు లిపులన్నమాట.

ఈ గోల భరించలేక 2017లో ‘నో కలర్’ అనే సరళమైన ప్రతిపాదన వచ్చింది. ఆ పేరుతో వేరియబుల్ ఉండి, అది ఖాళీగా లేకపోతే టూల్ రంగులు వేయకూడదు. అందులో ఏ విలువ ఉందన్నది లెక్కలోకి రాదు. సున్నా అని రాసినా రంగులు ఆగిపోవాల్సిందే. వందలాది టూల్స్ దీన్ని పాటిస్తున్నాయి. మరోవైపు, రంగులు తప్పనిసరిగా కావాలనేవారి కోసం ‘ఫోర్స్ కలర్’ అనే వేరియబుల్ కూడా వాడుకలోకి వచ్చింది.

మరి ఈ రెండు చీటీలూ ఒకేసారి గోడ మీద ఉంటే? 2024లో వచ్చిన పైథాన్ 3.13 పత్రాల ప్రకారం ‘నో కలర్’దే పైచేయి. నోడ్ పత్రాల ప్రకారం ‘ఫోర్స్ కలర్’ సరిగా పెట్టి ఉంటే ‘నో కలర్’ను పట్టించుకోరు. రెండూ ప్రపంచమంతా వాడే వ్యవస్థలే. రెండింటి నిర్ణయాలకూ కారణాలు ఉండవచ్చు. కానీ ఒకే కంప్యూటర్‌లో, ఒకే సెట్టింగ్‌తో, ఒకే వరుసలో నడిచే రెండు ప్రోగ్రాముల్లో ఒకటి రంగు వేస్తుంది, మరొకటి వేయదు. వాడుకరి చెప్పిన మాట ఒక్కటే, అర్థం చేసుకున్నది రెండు రకాలుగా.

ఒకే టూల్ లోపల కూడా ఇలాంటి తగాదాలు ఉండటం మామూలే. పదేళ్లుగా పెరుగుతూ వచ్చిన ప్రోగ్రామ్‌లో ఫలితాల జాబితా రాసినవారు ఒకరు, తప్పుల సందేశాలు రాసినవారు మరొకరు, పని ఎంతవరకు వచ్చిందో చూపే పట్టీని చేర్చినవారు ఇంకొకరు. ఎవరికి వారు తమ దగ్గరే ‘రంగు వేయాలా వద్దా’ అని తేల్చుకుంటారు. అందుకే ‘నెవర్’ అని చెప్పినా ఎక్కడో ఓ మూల పసుపు హెచ్చరిక తొంగిచూస్తుంది.

తిరిగి రాయడమే సరైన అదను

గత పదేళ్లలో కమాండ్ లైన్ టూల్స్‌ను తిరిగి రాసే ఉద్యమం లాంటిదే నడుస్తోంది. గ్రెప్ చేసే పనినే చేసే రిప్‌గ్రెప్ 2016లో రస్ట్ భాషలో వచ్చింది. 2025 అక్టోబరులో విడుదలైన ఉబుంటు 25.10లో, రస్ట్‌లో తిరిగి రాసిన కోర్‌యుటిల్స్‌నే ముందుగా అమర్చి ఇచ్చారు. మెమరీ తప్పులను తగ్గించడం, వేగం పెంచడం, కోడ్‌ను తేలిగ్గా నిర్వహించడం ఇలాంటి ప్రయత్నాల లక్ష్యాలు. మంచివే.

నడుస్తున్న పాత టూల్‌లో రంగుల నిర్ణయాలను ఒక్కచోటికి తేవాలంటే ఎన్నో చోట్ల కోడ్‌ను కదిలించాలి. ఆ శ్రమకు ఎవరూ ముందుకు రారు. తిరిగి రాసేటప్పుడు ఎలాగూ ప్రతి వరుసనూ ముట్టుకుంటారు. పునాది తీసేటప్పుడు నీటి గొట్టాలు వేసుకోవడం తేలిక, గోడలు లేచాక వాటిని పగలగొట్టడం కష్టం. అందుకే ఈ అదను తప్పితే మరో పదేళ్లు ఆగాలి.

అప్పుడు చేయవలసినవి నాకు తోచినంతలో ఐదు.

మొదటిది, నిర్ణయం ఒక్కచోటే జరగాలి. ప్రోగ్రామ్ మొదలవగానే అన్ని సెట్టింగులనూ ఒకే భాగం చదివి, రంగు వేయాలో వద్దో తేల్చి, ఆ తీర్పును మిగతా భాగాలన్నిటికీ అందజేయాలి. మరెక్కడా ఏ భాగమూ వేరియబుల్స్‌ను సొంతంగా చదవకూడదు.

రెండోది, ఎవరి మాట పైన అన్న వరుసను రాసిపెట్టాలి. వాడుకరి ఇప్పుడే టైపు చేసిన ఆప్షన్‌కు మొదటి స్థానం. ఆ టూల్ కోసమే ఆయన పెట్టుకున్న సెట్టింగుకు రెండోది. అన్ని టూల్స్‌కూ కలిపి చెప్పిన ‘నో కలర్’కు మూడోది, ‘ఫోర్స్ కలర్’కు నాలుగోది. ఇవేవీ లేనప్పుడే టూల్ తనంతట తాను టెర్మినల్‌ను చూసి ఊహించాలి. ‘నో కలర్’ ప్రతిపాదన కూడా ఆదేశంతో ఇచ్చిన ఆప్షన్‌కే తనకన్నా పై స్థానం ఇస్తుంది. దగ్గరగా, ప్రత్యేకంగా చెప్పిన మాట దూరంగా, అందరికీ చెప్పిన మాటను మించాలి అన్నదే ఇందులోని సూత్రం. ‘నో కలర్’ను ముందు పెట్టడానికి కారణం మరొకటి: రంగు లేకపోతే పోయేది కాస్త సౌకర్యం, అక్కర్లేని చోట ఉంటే పాడయ్యేది సమాచారం.

మూడోది, ఫలితాల దారినీ సందేశాల దారినీ విడివిడిగా చూడాలి. ప్రోగ్రాముల నుంచి ఫలితాలు ఒక దారిన, తప్పులూ హెచ్చరికలూ మరో దారిన బయటికి వస్తాయి. ఫలితాలను ఫైల్‌లోకి మళ్లించినా సందేశాలు తెర మీదే కనిపిస్తుంటాయి. ఒకదాన్ని చూసి రెండోదానికీ అదే తీర్పు చెబితే, ఫైల్‌లో రంగు కోడ్‌లైనా చేరతాయి, లేదా తెర మీది హెచ్చరికలైనా వెలవెలబోతాయి.

నాలుగోది, కోడ్‌లో రంగు పేరు కాకుండా అర్థం పేరు రాయాలి. ‘ఇక్కడ ఎరుపు’ అని కాదు, ‘ఇది తప్పు’, ‘ఇది హెచ్చరిక’, ‘ఇది ఫైల్ పేరు’ అని రాయాలి. ఏ అర్థానికి ఏ రంగు అన్నది వేరే పట్టికలో ఉండాలి. గోసెన్ పటాల్లో సూచికలు చేసే పని అదే. పట్టిక ఒక్కటే ఉంటే, వాడుకరి దాన్ని మార్చుకున్నప్పుడు టూల్ మొత్తం ఒకేసారి మారుతుంది.

ఐదోది, అన్ని సందర్భాలనూ పరీక్షించాలి. ఆప్షన్‌కు మూడు విలువలు, ‘నో కలర్’ ఉండటం లేదా లేకపోవడం, ‘ఫోర్స్ కలర్’ ఉండటం లేదా లేకపోవడం, ఫలితం తెరకు లేదా ఫైల్‌కు పోవడం. గుణిస్తే 24 సందర్భాలు. మనిషి చూడాలంటే విసుగే. ఒకసారి పరీక్షగా రాసిపెడితే కంప్యూటర్‌కు క్షణంలో పని.

పసుపు గోడ, పసుపు అక్షరం

రంగు వేయాలా వద్దా అన్నది తేలాక, ఏ రంగు అన్న ప్రశ్న వస్తుంది. దానికి వైట్ టౌన్ వీధులే మంచి పాఠం చెబుతాయి. అక్కడి పాత ఇళ్లలో చాలావాటికి ఆవపిండి పసుపు గోడలు, వాటికి తెల్లని అంచులు. కంటికి ఎంతో హాయి. వీధి పేర్ల పలకల మీద మాత్రం నీలం మీద తెల్లని అక్షరాలు ఉంటాయి. గోడ చూడటానికి, పలక చదవడానికి.

ఈ తేడాను కొలవవచ్చు. వెబ్ పేజీలను అందరికీ అందుబాటులో ఉంచడానికి రూపొందించిన ప్రమాణాల్లో, అక్షరం రంగుకూ వెనుక రంగుకూ మధ్య వెలుగు నిష్పత్తిని లెక్కించే సూత్రం ఉంది. మామూలు పరిమాణంలోని అక్షరాలకు అది కనీసం 4.5 ఉండాలి. ఆ సూత్రం ప్రకారం స్వచ్ఛమైన నీలం మీద తెల్లని అక్షరాలకు 8.59 వస్తుంది. అదే నీలం అక్షరాలను నల్లని తెర మీద వేస్తే 2.44కు పడిపోతుంది. స్వచ్ఛమైన పసుపు అక్షరాలకు నలుపు మీద 19.56 వస్తే, తెలుపు మీద 1.07 మాత్రమే. అంటే దాదాపు కనిపించనట్టే. గ్నూ ‘ఎల్ఎస్’ ఫోల్డర్ల పేర్లను మామూలుగా నీలంలోనే చూపిస్తుంది. కొన్ని నల్లని టెర్మినళ్లలో ఆ పేర్లు చదవడానికి కళ్లు చికిలించాల్సి వచ్చేది అందుకే.

టూల్ రాసేవారికి వాడుకరి తెర నల్లనిదో తెల్లనిదో సాధారణంగా తెలియదు. కాబట్టి ‘నా తెర మీద బాగుంది’ అన్న మాట చెల్లదు. ఎరుపు, ఆకుపచ్చల తేడా సరిగా తెలియనివారి సంగతి కూడా ఉంది. ఉత్తర యూరప్ మూలాలున్న పురుషుల్లో దాదాపు 8 శాతం మందికి, స్త్రీలలో సుమారు 0.5 శాతం మందికి ఈ వర్ణాంధత్వం ఉంటుంది. దానికి కారణమైన జన్యువులు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉండటం వల్ల పురుషుల్లో ఎక్కువ. మన ప్రయోగశాలల్లోనూ ఇలాంటివారు ఉంటారు. ‘పరీక్ష నెగ్గింది’ అనడానికి ఆకుపచ్చ చుక్క, ‘ఓడింది’ అనడానికి ఎర్ర చుక్క మాత్రమే చూపే టూల్ వారికి రెండు ఒకేరకం చుక్కలను చూపిస్తోంది. చుక్క పక్కన ‘సరే’, ‘తప్పు’ అని రాస్తే చాలు. అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ మీద ఆధారపడే అంధులకూ అదే దారి. రంగును పూర్తిగా తీసేసినా అర్థం మిగలాలి. నిగ్గు తేల్చే పరీక్ష అదే.

పాతదాన్ని కదిలించవచ్చా?

దీనికి గట్టి అభ్యంతరం ఒకటి ఉంది. తిరిగి రాసిన టూల్ అచ్చం పాతదానిలాగే నడవాలని, లోపాలతో సహా అలాగే ఉంచాలని కొందరంటారు. వారి భయం నిరాధారం కాదు. ఉబుంటు 25.10లో కొత్తగా వచ్చిన ‘డేట్’ కమాండ్, ఫైల్ చివరిసారి ఎప్పుడు మారిందో అడిగే ఆప్షన్‌ను స్వీకరించింది గానీ పట్టించుకోలేదు. ఫైల్ సమయం బదులు ఇప్పటి సమయం చెప్పింది. దాంతో కొన్ని యంత్రాల్లో ఆటోమేటిక్ అప్‌డేట్ల తనిఖీ ఆగిపోయింది. తర్వాత సవరించారు. చిన్న తేడా ఎంత దూరం పోతుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

నాకు మాత్రం ఇందులో కనిపించే పాఠం ‘మార్చవద్దు’ అన్నది కాదు, ‘మౌనంగా మార్చవద్దు’ అన్నది. తనకు తెలియని ఆప్షన్ వస్తే టూల్ ఆగి చెప్పాలి. పాత వేరియబుల్‌ను తీసేయాలంటే ముందు హెచ్చరించాలి. గ్నూ గ్రెప్ ఈ పని మర్యాదగా చేసింది. దానికి ‘గ్రెప్ కలర్’ అనే పాత వేరియబుల్, ‘గ్రెప్ కలర్స్’ అనే కొత్తది రెండూ ఉండేవి. 2022లో వచ్చిన 3.8 వెర్షన్ నుంచి పాతదాన్ని వాడితే హెచ్చరిక చూపుతోంది. పేరు మార్చుకోవడానికి వాడుకరికి గడువు దొరికింది. 2013లో గిట్ 1.8.4 రంగుల సెట్టింగును మొదటి నుంచే ‘ఆటో’గా మార్చినప్పుడూ, వద్దనుకున్నవారికి పాత తీరు అందుబాటులోనే ఉంది.

అందుకే నేను గీత గీసేది ఇక్కడ. ఫైల్‌లోకి, మరో ప్రోగ్రామ్‌లోకి పోయే ఫలితం విషయంలో మహా జాగ్రత్తగా ఉండాలి. అక్కడ ఒక్క బైటు మారినా ముందుగా ప్రకటించాలి. తెర మీద మనిషి చూసే రంగుల విషయంలో కొంత స్వేచ్ఛ తీసుకోవచ్చు. మనిషి సర్దుకోగలడు, ప్రోగ్రామ్ సర్దుకోలేదు. పాత టూల్ ఫైల్‌లోకి కూడా రంగులు పంపుతుంటే, ఆ అలవాటును కొనసాగించడం విధేయత కాదు. అది కావాలనేవారికి ‘ఆల్వేస్’ ఆప్షన్ ఉంది. దాన్ని పత్రంలో స్పష్టంగా రాసి, ‘ఆటో’ను మామూలు తీరుగా చేయాలి.

ఇంత చిన్న విషయానికి ఇంత చర్చా అనేవారూ ఉంటారు. ఒక్క టూల్‌కైతే చిన్నదే. కానీ ఇలాంటి టూల్స్ పదుల కొద్దీ వరుసగా కలిసి ఒక పరిశోధన ఫలితాన్ని తయారుచేస్తాయి. ఆ గొలుసులో ఎక్కడో ఒకచోట 31 అనే రంగు సంఖ్య ఉష్ణోగ్రతగా మారితే, దాన్ని వెతికి పట్టుకోవడానికి పోయే రోజులు రంగుల పట్టిక రాయడానికి పట్టే గంటల కన్నా ఎక్కువ.

మన దేశంలోనూ విశ్వవిద్యాలయాలు, పరిశోధన సంస్థలు, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ బృందాలు ఇలాంటి టూల్స్ రాస్తున్నాయి, తిరిగి రాస్తున్నాయి. వాటి పత్రాల్లో ‘ఎలా ఇన్‌స్టాల్ చేయాలి’ అన్న పేజీ ఉంటుంది. దాని పక్కన అరపేజీ చేరిస్తే చాలు: ఈ టూల్ ఏ సెట్టింగులు చదువుతుంది, అవి ఒకదానితో ఒకటి విభేదిస్తే ఎవరి మాట వింటుంది, ఏ రంగుకు ఏ అర్థం, రంగు లేనప్పుడు ఆ అర్థం ఎలా తెలుస్తుంది. ప్రజల డబ్బుతో తయారయ్యే ప్రతి డేటా టూల్‌కూ ఈ అరపేజీని తప్పనిసరి చేయాలని నా సూచన. ఆ నాలుగు ప్రశ్నలకూ జవాబు రాయలేకపోతే, లోపల కోడ్‌లో ఆ నిర్ణయం ఇంకా జరగలేదనే అర్థం.